ఒకటో దెబ్బ ఖాళీ

మార్చి 2, ఆదివారం

మళ్ళీ ఒకటో దెబ్బ మీద పడ్డాను. మళ్ళీ రాయ్‌స్టన్ గారి చెయ్యి లేచింది. బ్యాండ్ ఆగింది. మొదటి నుంచి మళ్ళీ.

చికాగో పక్కన ఎవాన్‌స్టన్‌లో ఆయన గరాజ్, ఆయన రెగ్గే బ్యాండ్. హీటర్ ఒక మూల, మేం ఐదుగురం ఇంకో మూల. బేస్ గిటార్ వాయిస్తూ ఆయన నా మొహం చూడరు, నా కుడిచెయ్యి చూస్తారు. అది తొడ మీద ఆదితాళం వేస్తూ ఉంటుంది, నాకు తెలియకుండానే. తెనాలిలో సంగీతం టీచరు గారు వేళ్ళ మీద కొట్టి నేర్పిన తాళం — ఇప్పుడు పొమ్మంటే పోతుందా? అక్కడ మొదటి దెబ్బ మీదే కదా పాట కుదురుగా కూర్చునేది. జమైకా వాళ్ళ ఈ రెగ్గే పాటలో ఆ దెబ్బ ఖాళీ. డ్రమ్ము మోగదు. బరువంతా మూడో దెబ్బ మీద దిగుతుంది. ఆ ఖాళీలో అందరూ హాయిగా ఊగుతుంటారు. నేనొక్కదాన్నే ఠంచనుగా వచ్చి అక్కడ కాలు పెడతాను, పిలవని పేరంటానికి వచ్చినట్టు.

"లీవ్ ది వన్ అలోన్, సిస్టర్ సుబా." ఒకటిని దాని మానాన వదిలెయ్యమ్మా అని. ఇవాళ ఎన్నోసారో... సుభాషిణి ఆ నోళ్ళలో సుబా అయింది. బాగానే ఉంది, కొత్త పాటకి కొత్త పేరు.

ఇంటికొచ్చేసరికి మా ఆయన గిరి చపాతీలు కాలుస్తున్నాడు.

"ఎట్లయింది?"

"ఆపారు."

"మస్తుసార్లా?"

"నీ చపాతీ మాడుతోంది చూడు."

మార్చి 4

ఆఫీస్ మీటింగ్‌లో మ్యూట్ చెయ్యడం మర్చిపోయాను. నోటితో డ్రమ్ము వేస్తున్నా. ఒకాయన అడిగాడు, ఎవరింట్లోనైనా కుళాయి కారుతోందా అని. ప్లంబర్‌ని పిలిచాను, వస్తున్నాడు అన్నాను.

మార్చి 7

రాయ్‌స్టన్ గారు ఫోన్ చేశారు. బ్యాండ్‌లో ఇన్నేళ్ళూ పాడిన మార్వా కూతురి దగ్గరికి ఫ్లోరిడా వెళ్ళిపోతోందట. తిరిగి రాదు. వేసవి టూర్ ఉంది — మ్యాడిసన్, మిల్వాకీ, మినియాపోలిస్, ఇంకా పైకి. ముందు నిలబడి పాడే మనిషి కావాలి. "ఏప్రిల్ పదమూడున మన జమైకా రెస్టారెంట్ హాల్లో నువ్వు పాడు. టూర్ చూసుకునే ఆయన కూడా వస్తాడు. చూద్దాం."

చూద్దాం అన్నారు. కాదు అనలేదు.

ఫోన్ పెట్టేసి గిన్నెలన్నీ కడిగాను. డిష్‌వాషర్ ఉండగా. చేతులు ఊరుకోలేదు.

నలభై ఒకటి నాకు. ఈ దేశం వచ్చి పార్సిప్పనీలో చేరిన మొదటి ఉద్యోగం నాటి నుంచి ఈ పిచ్చి. అప్పటి కార్‌పూల్‌లో ఐవీ అని జమైకా అమ్మాయి డ్రైవ్ చేసేది, కారు తనది కాబట్టి పాటలూ తనవే. మొదటి నెల తలనొప్పి వచ్చింది. రెండో నెల ఆ పాట లేకపోతే తలనొప్పి వచ్చింది. ఐవీతో కలిసి పాడుతుంటే హైవే మీద ట్రాఫిక్ జామ్ కావాలని కోరుకునేదాన్ని. కానీ వీసా. స్టేజీ ఎక్కి పాడటం ఉద్యోగం కిందకి వస్తుందేమో, ఎందుకొచ్చిన రిస్కు, గ్రీన్ కార్డు వచ్చేదాకా ఆగండి అన్నాడు లాయరు. ఆగాను. బాత్రూమ్‌లో పాడాను, కార్‌లో పాడాను, తెలుగు సంఘంలో ఏటా సినిమా పాటలు పాడాను. నిరుడు ఆగస్టులో కార్డు వచ్చింది. గిరి స్వీట్లు తెచ్చేలోపు నేను రాయ్‌స్టన్ గారి నంబరుకి ఫోన్ చేశాను. ఆ నంబరు రెస్టారెంట్ గోడ మీద చూసి ఎప్పుడో దాచుకున్నాను.

ఈ ఉద్యోగం నాకు కావాలి. సరదాకి కాదు. ఇక్కడైనా ఒప్పుకుంటున్నాను.

మార్చి 11

దొరికింది!

గరాజ్ నుంచి వంటింట్లోకి కిరాణా సంచులు మోస్తున్నాం. మేఘ తలుపు దగ్గర నిలబడి ఫోన్ చూస్తోంది, సరిగ్గా కింది చెక్క మీద.

"గడప తొక్కకూడదే. దాటి రా."

"అమ్మా, ఇది గడప కూడా కాదు. ఇది జస్ట్ డోర్."

అది దాటింది. నేను పాల క్యాన్ పట్టుకుని అక్కడే ఆగిపోయాను. గడప. పుట్టిన దగ్గర్నుంచీ తొక్కకుండా దాటుతూనే ఉన్నాను కదా. ఎవరూ లెక్క చెప్పలేదు, తాళం వెయ్యలేదు, కాలే దాటుకుంటుంది. గడప లేదని కాదు, ఉంది కాబట్టే దాటడం.

క్యాన్ కింద పెట్టి అక్కడే నేను రాసుకున్న పాట పాడాను. ఒకటి వస్తుంది... దాటు. ఒకటి వస్తుంది... దాటు. చెయ్యి తొడ మీదకి వెళ్ళలేదు. మేఘ వీడియో తీస్తానంది. వద్దన్నాను. తీసింది.

మార్చి 16, ఆదివారం

ఒక్కసారి కూడా రాయ్‌స్టన్ గారి చెయ్యి లేవలేదు.

ప్రాక్టీస్ అయ్యాక అడిగారు, ఏదైనా నీ సొంతం ఉందా అని. ఉంది. కార్డు కోసం కూర్చున్న ఏళ్ళలో రాసుకున్నది. ఎవరికీ వినిపించలేదు, గిరికి, మేఘకి తప్ప. భయపడుతూనే పాడాను —

నిలబడ్డ కాళ్ళివి, నొచ్చినా కదలవు
వంతు వచ్చేదాకా వరస వదలవు
పేరు పిలిచే గొంతు ఎక్కడుందో గానీ
పిలవకున్నా పలికే గొంతు నాదే

రెండోసారి పల్లవికి డ్రమ్ము కలిసింది. మూడోసారికి బేస్. తెలుగు మాటలు ఆ నడకలో అంత సులువుగా ఒదుగుతాయని నాకే తెలియదు. మన మాటలు అచ్చుతో ఆగుతాయి కదా, ఆ ఖాళీ మీదుగా సాగడానికి చోటు ఉంటుంది.

దేని గురించి అని అడిగారు. లైన్లో నిలబడటం గురించి అన్నాను. రాయ్‌స్టన్ గారు గిటార్ పెట్టెలో పెడుతూ, కింగ్‌స్టన్‌లో ఎంబసీ బయట వాళ్ళమ్మతో ఎండలో నిలబడిన రోజు చెప్పారు. వాళ్ళమ్మ చేతిలో గొడుగు, తనకి ఇవ్వకుండా కాగితాలకి పట్టిందట. "పదమూడున రెండో పాట ఇదే" అన్నారు.

మార్చి 18

అమ్మ ఫోన్. గిరి చెప్పేసినట్టున్నాడు.

"ఏవే, ఆ పాటలవాళ్ళలా జుట్టు జడలు కట్టించుకోవు కదా?"

"పాటకీ జుట్టుకీ ఏంటమ్మా?"

"ఏమో తల్లీ. నీ జుట్టే నీకు అందం. పాట ఎలాగూ ఉంటుంది."

మార్చి 21

ప్రసాద్ గారి ఫోన్. తెలుగు సంఘం సెక్రటరీ హోదాలో. ఈసారి ఉగాది వేడుకకి హాలు దొరికింది ఏప్రిల్ పదమూడుకేనట. "మీ సినిమా పాటల మెడ్లీ ఎప్పట్లాగే లాస్ట్‌లో పెట్టాను. జనం దానికోసమే కూర్చుంటారు."

ఆ రోజు నాకు వేరే ప్రోగ్రాం ఉందండీ అన్నాను. ఏం ప్రోగ్రాం అన్నారు. చెప్పాను.

"అదా... గంజాయి వాళ్ళ పాటలు కదండీ అవి? పిల్లలు ఉన్న ఇల్లు."

"మా ఇంట్లో ఘాటైనది ఆవకాయ ఒక్కటేనండీ."

నవ్వారు. నవ్వుతూనే, "హాబీ అంటే ఓకే. కెరీర్ అంటారేంటి, ఈ ఏజ్‌లో?"

ఈ ఏజ్‌లో. చప్పున ఏదో ఒకటి అని పెట్టేశాను గానీ మొహం వేడెక్కింది. కోపం అనుకున్నాను మొదట. కాదు, సిగ్గు. ఆయన అన్నది నేను రోజూ అద్దంలో నాకు చెప్పుకునేదే. ఇంకొకరి నోటి వెంట వింటే ఎంత చవకగా ఉందో. ఇంక నేను అనుకోను ఆ మాట.

ఏప్రిల్ 6

గొంతు బాగుంది. వేడినీళ్ళు, మిరియాలు. ఐస్ దగ్గరికి పోవడం లేదు.

ఏప్రిల్ 13, ఆదివారం

పారిపోయాను.

మధ్యాహ్నం హాలు నిండింది. మొదటి పాట మార్వా పాడేది, ఫర్వాలేదనిపించాను. రెండోది నాది. పల్లవి బాగానే వచ్చింది. ఎక్కడా ఒకటిని తొక్కలేదు — తొక్కలేదనే అనుకున్నాను. చరణంలోకి వెళ్ళానో లేదో, జనం బల్లలు బాదడం మొదలుపెట్టారు. దబదబా. గోడలు కూడా. ఎవరో ఈల, ఎవరో పెద్దగా అరుపు. రాయ్‌స్టన్ గారి వైపు చూశాను.

చెయ్యి లేచింది. బ్యాండ్ ఆగింది.

అందరి ముందూ. గరాజ్‌లో అయితే మళ్ళీ మొదటి నుంచి. ఇక్కడ, నిండు హాల్లో, నా పాట మధ్యలో...

"సారీ" అన్నాను మైకులో. మైకు స్టాండుకి పెట్టి వంటింట్లోంచి వెనక తలుపు తీసుకుని బయటికి. కోటు లోపలే ఉండిపోయింది. సన్నగా వాన. కారు పక్కన నిలబడి ఉంటే గిరి, మేఘ పరుగెత్తుకుంటూ వచ్చారు.

"ఏమైంది? ఎందుకొచ్చినవ్?"

"ఆపేశారు గిరీ."

ఆపడం వాడూ చూశాడు.

ఏప్రిల్ 14

ఆఫీస్‌కి సెలవు. మేఘ స్కూల్‌కి వెళ్తూ బూట్లు కట్టుకుంటూ అంది — "అమ్మా, వాల్లు మ్యాడ్‌గా కొట్టలేదు. హ్యాపీగా కొట్టారు."

పదకొండేళ్ళ పిల్ల నన్ను ఓదారుస్తోంది. ఇంకా ఏడుపొచ్చింది.

ఏప్రిల్ 16

రాయ్‌స్టన్ గారు. హలో కూడా లేదు.

"నా స్టేజీ దిగి ఎందుకు వెళ్ళావు?"

"మీరు చెయ్యి ఎత్తారు కదా."

అవతల చప్పుడు లేదు. ఫోన్ కట్ అయిందనుకున్నాను. కాదు, నవ్వుతున్నారు. శబ్దం రాకుండా, చాలాసేపు. తర్వాత ఆ నవ్వు ఆగిపోయింది, దానికే ఎక్కువ భయం వేసింది.

చెప్పారు. పాట మరీ నచ్చితే జనం బల్లలు, గోడలు బాదుతారట. అది అడగడం. అప్పుడు పాట మధ్యలోనే ఆపి మొదటి నుంచి మళ్ళీ ఎత్తుకోవాలి. పుల్ అప్ అంటారు. సింగర్‌కి అంతకు మించిన మర్యాద లేదు. "కొత్త మనిషికి, వాళ్ళకి తెలియని భాషలో. నేను ఎప్పుడూ చూడలేదు, సుబా. నేను చెయ్యి ఎత్తి నీకోసం ఎదురుచూస్తున్నాను. నువ్వు నాకు వీపు చూపించావు."

నాకు తెలియనిదా ఇది! తెనాలిలో పుట్టినదాన్ని. నాన్న పక్కన చాప మీద కూర్చుని ఎన్ని పద్యనాటకాలు చూశాను. రాగం అయ్యీ అవ్వకముందే "వన్స్ మోర్!" చచ్చి పడి ఉన్న పాత్రధారి కూడా లేచి పంచె సర్దుకుని, పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చచ్చేవాడు. ఎవరికీ ఎబ్బెట్టు అనిపించేది కాదు. బతికున్న నేను మాత్రం వంటింట్లోంచి పారిపోయాను.

ఆయనకి ఆ చచ్చిన పాత్ర సంగతి చెప్పాను. ఈసారి శబ్దం వచ్చేలా నవ్వారు. కానీ తర్వాత చెప్పాల్సింది చెప్పారు. హాల్లో వాళ్ళు పొగరు అనుకున్నారు. టూర్ ఆయన అక్కడే అన్నాడట, ఈమె వద్దు అని. మిల్వాకీ నుంచి కీషా అనే అమ్మాయిని మాట్లాడారు. మాట ఇచ్చేశారు.

"వెనక హార్మనీకి మనిషి కావాలి. వస్తావా?"

చెప్తాను అన్నాను.

ఏప్రిల్ 18

రెండు రోజులు ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. ఇవాళ గిరి కాఫీ పెట్టి ఎదురుగా కూర్చున్నాడు.

"పోతవా, పోవా? గది చెప్పు. గిట్ల మొహం పెట్టుకోని తిరగకు."

"వెనక నిలబడి ఆ... ఆ... అంటూ పాడాలి గిరీ. ముందు ఇంకో అమ్మాయి."

"అయితే ఏమైతది? ఇంట్ల కూసుంటే ముందట నిలబడుతవా?"

వాడి మీద కోపం వచ్చింది. నిజం చెప్తే అందుకే కోపం వస్తుంది. ఫోన్ చేసి వస్తానన్నాను.

ఏప్రిల్ 27, ఆదివారం

కీషా బాగా పాడుతుంది. రాయడానికి చెయ్యి రాలేదు. రాశాను.

నా కంటే చిన్నది, పదిహేనేళ్ళు ఉండవచ్చు తేడా. ఒకటో దెబ్బ గురించి ఆ అమ్మాయికి ఎవరూ చెప్పక్కర్లేదు, నడకలోనే ఉంది. నేను వెనక డ్రమ్ము పక్కన. హార్మనీ సులువు అనుకున్నాను. కాదు. ఇంకొకరి గొంతు ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో కనిపెట్టి అక్కడ నేను ఉండాలి, ఆ తర్వాత ఉండకూడదు.

మే 4

కీషా అడిగింది, ఆ వీడియోలో పాట నీదేనా అని. ఏ వీడియో? మేఘ గరాజ్ తలుపు దగ్గర తీసింది, ఆ రోజు హాల్లో కలిసిన రాయ్‌స్టన్ గారి మనవడికి పంపిందట. అది బ్యాండ్‌లో అందరూ చూశారు. పాల క్యాన్‌తో సహా.

"వై ఆర్ యూ నాట్ సింగింగ్ దట్?" అంది. ఎత్తిపొడుపు లేదు, నిజంగానే అడిగింది. నాకు ఆ అమ్మాయిని తిట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు.

మే 11, ఆదివారం

రెస్టారెంట్‌కి ఒక్కదాన్నే వెళ్ళాను. కోటు కోసం అని చెప్పుకున్నాను.

ఓనరు మిస్ పెర్ల్ వంటింట్లో అరటికాయ ముక్కలు వేయిస్తోంది. నన్ను చూసి గరిటె పక్కన పెట్టింది. "మేం బల్లలు విరిగేలా కొడితే నువ్వు నా వంటింట్లోంచి పరుగెత్తావు. నా నూనె కాగుతోంది ఆ రోజు. మీద పడి ఉంటే?" అసలు బాధ నూనె గురించే అనిపించింది. జరిగింది జరిగినట్టు చెప్పాను, మా ఊళ్ళో మాస్టారు ఆపితే తప్పు చేసినట్టు అని. నవ్వలేదు. "అయితే వాళ్ళకి చెప్పు" అని హాలు వైపు గరిటె చూపించింది.

భోజనాల మధ్య నిలబడి చెప్పాను. మైకు లేదు. క్షమించమని అడిగి, బ్యాండ్ లేకుండా ఊరికే చేత్తో తాళం వేసుకుంటూ — మూడో దెబ్బ మీద — పాట మొత్తం పాడాను. ఎవరూ బల్ల కొట్టలేదు. ఎవరూ లేచి పోనూ లేదు. కిటికీ దగ్గర ఒక పెద్దావిడ చివరి పల్లవికి కూనిరాగం కలిపింది, చికెన్ తింటూనే.

పాడటం అంటే ఇదే అయితే నాకు చాలు అని మాత్రం రాయను. చాలదు. బ్యాండ్‌తో, స్టేజీ మీద, ఈ పాట. అది కావాలి నాకు.

మే 23

లీవ్ దొరికింది. సగం లీవు, సగం వ్యాన్‌లోంచి ల్యాప్‌టాప్. మేనేజరు ఎక్కడికి అని అడిగింది. టూర్ అన్నాను. టూరిస్టుగా అనుకుంది, ఫొటోలు పెట్టమంది.

జూన్ 1, ఆదివారం

రాయ్‌స్టన్ గారు ప్రాక్టీస్ అయ్యాక ఆగమన్నారు. హాల్లో పాడిన సంగతి మిస్ పెర్ల్ చెప్పిందట. టూర్‌లో ప్రతి ఊళ్ళో ఒక పాట నాకు ఇస్తారట. ముందు నిలబడి. కీషా నాకు హార్మనీ పాడుతుంది. అడిగింది కీషానేనట.

ఎగిరి గంతేసేదాన్నే. ఒక్క మాట తర్వాత వచ్చింది. ఇంగ్లిష్‌లో పాడాలి. టూర్ ఆయన షరతు. "ఆ ఊళ్ళలో నీ భాష ఎవరికి తెలుసు?" మాటలు మార్చి రాసుకురా అన్నారు.

రాస్తాను అన్నాను. ఎందుకన్నాను?

జూన్ 5

రాశాను. నాలుగు రోజులు కూర్చుని. ప్రాస కుదిరింది, అర్థం కుదిరింది. వంటింట్లో పాడి వినిపించాను. గిరి "మంచిగనే ఉంది" అన్నాడు, అంటే బాగాలేదని. మేఘ నిజం చెప్పింది.

"అమ్మా, అది హోమ్‌వర్క్ లాగా ఉంది. నువ్వు లేవు అందులో."

తెలుగు సరిగ్గా రాదని దాన్ని ఎన్నిసార్లు కసిరానో. ఇంగ్లిష్ పాట విని తెలుగులో తీర్పు చెప్పింది.

జూన్ 8, ఆదివారం

చెప్పేశాను.

గరాజ్‌లో అందరి ముందూ కాదు, వాళ్ళు వెళ్ళాక. హార్మనీ ఎన్ని పాటలకైనా పాడతాను, సామాన్లు మోస్తాను, వ్యాన్ నడుపుతాను. కానీ ఆ ఒక్క పాట నా మాటల్లోనే. కాదంటే నేను టూర్‌కి రాను.

"రెస్టారెంట్‌లో వాళ్ళకి నా భాష తెలుసా?" అన్నాను. "మరి బల్లలు ఎందుకు కొట్టారు?"

ఆయన బేస్ తీగ ఒకటి అలా మీటుతూ కూర్చున్నారు. టూర్ ఆయన ఒప్పుకోడు అన్నారు. మీరు ఒప్పుకుంటారా అని అడిగాను. అరచేత్తో తీగ మోత ఆపి, "ఆలోచిస్తాను. ఇంటికి వెళ్ళు."

కార్‌లో ఏసీ వేసుకోవడం మర్చిపోయి వచ్చాను. ఒళ్ళంతా చెమట. ఇంత భయం వీసా స్టాంపింగ్ అప్పుడు కూడా వెయ్యలేదు. అయినా మాట వెనక్కి తీసుకోవాలని లేదు. అదే వింతగా ఉంది.

జూన్ 12

ఫోన్ లేదు.

జూన్ 15, ఆదివారం

ప్రాక్టీస్ లేదని మెసేజ్. నాకొక్కదానికేనా, అందరికీనా?

గిరి: "నువ్వే చెయ్ ఫోన్. ఏం పోతది?"

"చెప్పాల్సింది చెప్పాను."

"నీకు పొగరు ఎక్కువ."

"అవును. ఆ హాల్లో వాళ్ళు కూడా అదే అన్నారు."

జూన్ 18

కీషా మెసేజ్. శుక్రవారం పొద్దున వ్యాన్ బయల్దేరుతుంది. మా షామ్‌బర్గ్ స్టేషన్ పార్కింగ్ దారిలోనే, ఏడింటికి అక్కడ ఆగాలని ముందు అనుకున్నదే. ఇప్పుడు ఆగుతుందో లేదో ఆయన చెప్పట్లేదట. అడిగితే గిటార్ తుడుచుకుంటున్నారట.

రాయ్‌స్టన్ గారికి ఒక్క లైను పెట్టాను — శుక్రవారం ఏడింటికి స్టేషన్ దగ్గర ఉంటాను, నా పాటతో.

చూశారు. జవాబు లేదు.

జూన్ 19

బట్టలు సర్దాను. గిరి నా సంచిలో మిరియాల పొడి డబ్బా పెట్టాడు. వాడి మీద ఇష్టం ఎక్కువైంది ఇవాళ. వాడికి చెప్పలేదు.

జూన్ 20, శుక్రవారం

స్టేషన్ పార్కింగ్. కారులో రాస్తున్నాను. గిరి దింపుతానంటే వద్దన్నాను, నా కారులో నేనే వచ్చాను. ఎందుకు అలా చేశావని అడిగాడు. అప్పుడు తెలియలేదు.

ఏడు దాటింది. చికాగో రైలు ఒకటి వచ్చి వెళ్ళింది. బ్యాగులు తగిలించుకుని జనం ఎక్కారు, నన్ను చూసి ఒకాయన రైలు మిస్ అయ్యాననుకుని జాలిగా చూశాడు. మలుపు దగ్గర తెల్ల వ్యాన్ కనిపించింది. తలుపు తీసి ఒక కాలు బయట పెట్టాను. కార్పెట్లు శుభ్రం చేసేవాళ్ళది.

ఫోన్ చూడటం మానేశాను. సీటు కింద పెట్టేశాను.

అమ్మ అయితే శకునం బాగాలేదు, తిరిగి వచ్చెయ్ అంటుంది. ప్రసాద్ గారు అయితే... ఆయన సంగతి ఎందుకిప్పుడు.

సాయంత్రం ఆరింటికి మ్యాడిసన్‌లో చెరువు పక్కన స్టేజీ. ఇక్కడ టోల్ రోడ్డు ఎక్కితే రెండు గంటలు. దారి తెలుసు. వాళ్ళు వస్తే వ్యాన్‌లో వెళ్తాను. రాకపోతే వాళ్ళ కంటే ముందే వెళ్ళి స్టేజీ పక్కన నిలబడతాను, రాయ్‌స్టన్ గారు వ్యాన్ దిగుతూ ముందుగా చూసేది నన్నే అవ్వాలి. అప్పుడు కాదని నా మొహం మీద చెప్పమను. అలా చెప్తే... చెప్తే వింటాను. వినేసి, గడ్డి మీద నిలబడైనా పాడతాను. వంటింటి తలుపులోంచి మాత్రం వెళ్ళను.

ఈ కాఫీ అయ్యేదాకా ఆగుతాను. ఆ తర్వాత ఆగను.

ఇంకా రెండు గుక్కలు ఉన్నాయి.